స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – తెలుగు సాహిత్య సంస్థల డిజిటల్ స్వాతంత్ర్యం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

తెలుగు శాఖలు, సాహిత్య సంస్థలు, ప్రచురణ సంస్థలు కొన్ని దశాబ్దాలుగా తమ రచనలను కంప్యూటర్‌లో కూర్చి భద్రపరుస్తున్నాయి. అలా భద్రపరచిన పాఠంపై ఆ సంస్థలకున్న అధికారం ఎంత అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’, ‘స్వాతంత్ర్యం’ అనే మూడు మాటల అర్థభేదాన్ని ఆధారంగా చేసుకొని, లిపి సంకేతం, సాధనం, నిలయం అనే మూడు స్థాయులలో తెలుగు సంస్థల డిజిటల్ స్థితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగులో సాధించినదాన్ని, సాధించలేకపోయినదాన్ని వివేచిస్తుంది. లైసెన్సులో స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన సంస్థకు స్వాతంత్ర్యం సిద్ధించదని, స్వంత తంత్రం అలవడినప్పుడే అది సిద్ధిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డిజిటల్ స్వాతంత్ర్యం, యూనికోడ్, తెలుగు ఫాంట్లు, స్థానికీకరణ, వ్యావహారిక భాషోద్యమం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నంలోని సీతమ్మధార కావచ్చు, విజయవాడ కావచ్చు, హైదరాబాదు కావచ్చు, తెలుగు పరిశోధన గ్రంథం చాలాకాలం పుట్టిన చోటు డీటీపీ కేంద్రమే. పరిశోధకుడు చేతిరాత ప్రతిని అక్కడ ఇచ్చేవాడు. ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో కూర్చేవాడు. రెండు మూడు ప్రూఫుల తరువాత అచ్చుప్రతులు సిద్ధమై, బైండింగు పూర్తయి, విశ్వవిద్యాలయానికి చేరేవి. మూల ఫైలు మాత్రం ఆ కేంద్రంలోని కంప్యూటర్‌లోనో, ఒక సీడీలోనో మిగిలేది. పదేళ్ల తరువాత గ్రంథాన్ని పుస్తకంగా తేవాలని పరిశోధకుడు ఆ ఫైలు తెరిస్తే కనిపించేది తెలుగు కాదు, రోమన్ అక్షరాలు, విరామచిహ్నాలు కలగలిసిన అర్థరహితమైన వరుస. ఫాంట్ లేదు, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ లేదు, కూర్చిన మనిషి వేరే వృత్తిలోకి వెళ్లాడు. రచన తనదే, కర్తృత్వం తనదే. చదివే వీలు మాత్రం తన చేతిలో లేదు.

తాళపత్రానికి చెదలు పట్టడం, కాగితం పెళుసుబారడం గ్రంథపరిష్కర్తలకు తెలిసిన ఆపదలు. చెదలు తిన్న ఆకులోనూ మిగిలిన అక్షరం అక్షరంగానే ఉంటుంది. డిజిటల్ పాఠానికి కలిగే ఆపద వేరు. ఫైలులో ఒక్క అంకె కూడా చెడకుండానే పాఠం మొత్తం అందకుండా పోగలదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఎంపికను ఇంజనీర్లకు వదిలివేయదగిన కార్యాలయ విషయంగా చూడడం సరికాదు. అది పాఠ సంరక్షణకు, తద్వారా సాహిత్య పరిశోధనకు సంబంధించిన విషయం.

2. ఉచితం, స్వేచ్ఛ, స్వాతంత్ర్యం:

రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. సాఫ్ట్‌వేర్‌ను ఏ ప్రయోజనానికైనా నడుపుకోవడం, దాని పనితీరును పరిశీలించి మార్చుకోవడం, ప్రతులను పంచుకోవడం, మార్చిన ప్రతులను కూడా పంచుకోవడం అనే నాలుగు స్వేచ్ఛలు ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నది ఆ ఉద్యమం ఇచ్చిన నిర్వచనం. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాటకు ‘వెల లేనిది’ అనీ, ‘బంధం లేనిది’ అనీ రెండర్థాలు ఉండడంతో ఆ ఉద్యమం మొదటి నుంచీ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. 1998లో ముందుకు వచ్చిన ‘ఓపెన్ సోర్స్’ అనే మాట ఈ సందిగ్ధతను తప్పించింది. అయితే దానితో పాటు చర్చ హక్కుల నుంచి తయారీ పద్ధతి వైపు కొంత జరిగింది.

తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది. క్షేమేంద్రుడు ఔచిత్య విచార చర్చలో కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యం ఈ మాట నుంచి వచ్చినదే. వాడుక తెలుగులో దానికి ‘వెల లేనిది’ అనే అర్థం స్థిరపడింది. వెల లేకుండా వచ్చేదంతా సంస్థకు తగినది కాదన్న సంగతి ఈ రెండర్థాల మధ్యనే ఉంది. పెద్ద సంస్థలు ఇచ్చే మెయిల్, నిల్వ, సందేశ సేవలు ఉచితం. వాటి నియమాలను మార్చే అధికారం మాత్రం వాడుకరికి లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వెలకు అమ్మడానికి ఆ లైసెన్సులలో అభ్యంతరం లేదు.

‘స్వేచ్ఛ’ స్వీయమైన ఇచ్ఛ. ‘స్వాతంత్ర్యం’ స్వీయమైన తంత్రం. తంత్రమంటే విధానం, నేర్పు, నిర్వహణ. ఇచ్ఛ ఉండి తంత్రం పరాధీనమైతే ఆ స్థితి పారతంత్ర్యమే. లైసెన్సు ఇవ్వగలిగినది స్వేచ్ఛ. సంస్థ స్వయంగా సంపాదించుకోవలసినది స్వాతంత్ర్యం. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే ‘ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి’ అన్న ప్రశ్న దగ్గరే తెలుగులో చర్చ తరచుగా ఆగిపోతోంది.

3. లిపి సంకేతం – తొలి పరాధీనత:

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 128 స్థానాల విభాగం ఉంది. 1991లో వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగు చేరింది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతంగా రూపొందిన ఇస్కీ కూడా 1991లోనే భారతీయ ప్రమాణంగా వెలువడింది. ప్రమాణాలు ఇలా ఉండగానే తెలుగు అచ్చురంగం అను, శ్రీలిపి వంటి డీటీపీ ఫాంట్ల మీద ఎదిగింది. దీనికి కారణాన్ని నిర్లక్ష్యమని కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. నాటి పేజీ విన్యాస సాఫ్ట్‌వేర్లకు తెలుగు గుణింతాలను, వత్తులను కూర్చే శక్తి లేదు. వారపత్రికను వేళకు అచ్చువేయవలసిన సంపాదకుడికి పనిచేసే ఉపాయం కావాలి. డీటీపీ ఫాంట్లు ఆ ఉపాయాన్ని ఇచ్చాయి, అందమైన అక్షరాలనూ ఇచ్చాయి.

ఆ ఉపాయం పనిచేసిన తీరులోనే తరువాతి చిక్కు ఉంది. ఆ ఫాంట్లలో రోమన్ అక్షరాల స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ఆకార ఖండాలను ఉంచారు. ఫైలులో నిల్వ అయ్యేది తెలుగు వర్ణక్రమం కాదు, కంటికి కనిపించే ముక్కల వరుస. యూనికోడ్‌లో ‘శ్రీ’ అంటే శకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఇకారం అనే నాలుగు సంకేతాలు. ఇది వ్యాకరణ విద్యార్థి చేసే వర్ణవిభాగానికి దగ్గరగా ఉంటుంది. ఏ ఫాంట్‌తో చూపినా ఆ క్రమం మారదు. డీటీపీ ఫాంట్‌లో అదే అక్షరం ఆ ఫాంట్‌కే పరిమితమైన ముక్కల కూర్పు. ఫాంట్ మారితే పాఠమే మారిపోతుంది. వెతకడం, అకారాది క్రమంలో పెట్టడం, పదసూచి తయారు చేయడం, పాఠాంతరాలను పోల్చడం వంటి పరిశోధకుడికి నిత్యావసరమైన పనులేవీ ఆ ఫైలులో నేరుగా సాధ్యం కావు.

ఈ స్థితికి పేజ్‌మేకర్ చరిత్ర తోడైంది. దాని చివరి రూపం 7.0 వెలువడినది 2001లో. ఆ తరువాత తయారీ సంస్థ దాని అభివృద్ధిని నిలిపివేసింది. తెలుగు డీటీపీ కేంద్రాలలో వాడకం మాత్రం ఏళ్ల తరబడి కొనసాగింది. తయారీదారు విడిచిపెట్టిన సాధనం మీద ఒక భాష అచ్చురంగం ఆధారపడి నడవడం పారతంత్ర్యానికి స్పష్టమైన రూపం. సాధనం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయి ఉంటే దాన్ని కొనసాగించే హక్కు వాడుకరులకు ఉండేది. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడివడి లిబ్రే ఆఫీస్ కొనసాగడం ఆ హక్కు వల్లనే సాధ్యమైంది.

యూజీసీ 2009 నిబంధనల తరువాత సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ భాండాగారానికి చేరుతున్నాయి. ఆ భాండాగారం నడిచేది డీస్పేస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద. పాత్ర స్వేచ్ఛగా ఉంది. అందులోకి చేరే తెలుగు గ్రంథం డీటీపీ ఫాంట్‌లోని పీడీఎఫ్ గానో, అచ్చుపేజీల బొమ్మగానో ఉంటే లోపలి పాఠం వెతుకులాటకు అందదు. పరిశోధకుడు పూర్వ పరిశోధనలను శీర్షికలను బట్టి ఊహించుకోవలసి వస్తుంది. ఒకే అంశంపై పునరుక్తి పరిశోధనలు జరుగుతున్నాయన్న ఫిర్యాదుకు గల కారణాలలో ఇదీ ఒకటిగా గుర్తించదగినది.

4. స్వేచ్ఛా మార్గంలో తెలుగు కృషి:

ఈ చిక్కును విడదీసిన కృషిలో ఎక్కువ భాగం సంస్థల వెలుపల జరిగింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు గ్నూ లైసెన్సుతో లినక్స్ పంపిణీలలో చేరాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, డీటీపీ ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌కు మార్చే ‘పద్మ’ ఉపకరణాన్ని అందించారు. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ రోమన్ కీబోర్డు మీద తెలుగు రాసే మార్గాన్ని సామాన్య వాడుకరికి చేర్చింది. 2005లో హైదరాబాదులో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ గ్నూ లినక్స్ నిర్వహణ వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన గురజాడ, గిడుగు, సూరన్న, పెద్దన, ధూర్జటి మొదలైన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందాయి. అచ్చుకు తగిన వైవిధ్యం యూనికోడ్‌లో లేదన్న ఆక్షేపణ వీటితో చాలావరకు బలహీనపడింది.

ఈ జాబితాలో విశ్వవిద్యాలయ తెలుగు శాఖల పాత్ర స్వల్పం. కేరళతో పోల్చినప్పుడు ఈ లోటు స్పష్టమవుతుంది. భారతదేశంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2001లో తిరువనంతపురంలో ప్రారంభమైంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు గ్నూ లినక్స్‌ను బోధన సాధనంగా స్వీకరించాయి. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం ఫాంట్లను, భాషా సాధనాలను నిర్మించింది. అక్కడ పాఠశాల, ప్రభుత్వం, భాషా కార్యకర్తలు ఒకే దిశలో నడిచారు. తెలుగులో కార్యకర్తల కృషి ఉంది, సంస్థాగతమైన ఆదరణ అంతగా లేదు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రభుత్వ వ్యవస్థలకు ఓపెన్ సోర్స్ స్వీకరణ విధానాన్ని ప్రకటించినా, విధాన పత్రం దానంతటదే శాఖలోని కంప్యూటర్ దాకా రాదు.

సంస్థలు వెనుకాడడానికి గల కారణాలలో కీబోర్డు ఒకటి. తెలుగు డీటీపీ కార్మికులు యాపిల్, మాడ్యులర్ అమరికలలో ఏళ్ల సాధనతో వేగం సంపాదించారు. యూనికోడ్ అంటే ఆ వేగాన్ని వదులుకొని కొత్త అమరిక నేర్చుకోవడమని వారు భావించారు. నిజానికి లినక్స్‌లో వాడే ఎం17ఎన్ సంపుటిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ అమరికలు కూడా ఉన్నాయి. పరిష్కారం ఉన్నా అది ఆపరేటర్‌కు చేరలేదు. ఉద్యమం ఇంజనీరింగ్ విద్యార్థిని చేరుకున్నంతగా అచ్చుకార్మికుడిని చేరుకోలేదన్నది ఇక్కడ చేయదగిన విమర్శ. తెలుగు పాఠాన్ని ఎక్కువగా కూర్చినది ఆ కార్మికుడే.

5. ‘జ్ఞా’ ఉదంతం – సాధనంపై అధికారం:

సాధనంపై అధికారం ఎవరిదన్న ప్రశ్నకు 2018 ఫిబ్రవరి నాటి ఒక ఉదంతం చక్కని నిదర్శనం. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరానికి చెందిన ఒక ప్రత్యేక సంకేత క్రమం సందేశంలో వస్తే ఐఫోన్లలోని అనువర్తనాలు స్తంభించిపోయాయి. జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కనిపించని విభాజకం, ఆపై ఆకారం అన్నది ఆ క్రమం. ‘జ్ఞానం’ అనే మాటలోని తొలి అక్షరమే లోకానికి ఒక సాంకేతిక దోషంగా పరిచయమైంది. అంతర్జాతీయ పత్రికలు దానిని ప్రమాదకరమైన అక్షరంగా వర్ణించాయి. దోషం అక్షరానిది కాదు, దానిని చూపించవలసిన ప్రోగ్రాముది. ఆ సంస్థ కొద్ది రోజులలోనే సవరణ విడుదల చేసింది.

సవరణ వేగంగా వచ్చిన మాట నిజం. లోకమంతటా ఫోన్లు స్తంభించడం అందుకు ప్రధాన కారణమని భావించవచ్చు. తెలుగువారికి మాత్రమే ఇబ్బంది కలిగించే చిన్న దోషానికి అంతటి శ్రద్ధ దక్కుతుందన్న హామీ లేదు. అన్నిటికీ మించి, సవరణ జరిగేదాకా తెలుగు భాషావేత్తకు గాని, తెలుగు ఇంజనీరుకు గాని చేయగలిగినదేమీ లేదు, మూలసంకేతం వారికి అందుబాటులో లేదు కనుక. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో దోషాలు ఉండవని దీని అర్థం కాదు. అక్కడ దోషాన్ని వెతికి సరిదిద్దే హక్కు బాధితుడికి ఉంటుంది. ఆ హక్కును వినియోగించగల మనిషి లేకపోతే అది కాగితం మీది హక్కుగానే మిగులుతుంది.

6. నిలయం – సమీపం స్వాధీనం కాదు:

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రాన్ని, భారీ డేటా కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించనున్నట్లు ప్రకటించింది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం పేర్లతో గుర్తింపు పొందిన నగరానికి ఇది కొత్త గుర్తింపు. దీని ఆర్థిక ఫలితాల చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. భాషా సంస్థలకు సంబంధించిన ప్రశ్న ఒక్కటే. సమాచారం ఊళ్లో ఉన్నంత మాత్రాన అది ఊరివారి అధీనంలో ఉన్నట్లా?

కాదని చెప్పడానికి అదే ఏడాది జూలై నాటి సంఘటన చాలు. రష్యా వాటాలున్న నయారా ఎనర్జీపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించింది. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసింది. నయారా భారతదేశంలో భారతీయ చట్టాల కింద పనిచేస్తున్న సంస్థ. అది ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది, నెలాఖరులోగా సేవలు పునరుద్ధరణ అయ్యాయి. శుద్ధి కర్మాగారం నడిపే సంస్థకు న్యాయవాదులు, ధనబలం ఉన్నాయి. ఒక కళాశాల తెలుగు శాఖకు గాని, జిల్లా రచయితల సంఘానికి గాని ఖాతా స్తంభిస్తే ఆశ్రయించే మార్గం ఏది? విశాఖ ఉక్కు విషయంలో యాజమాన్యం ఎవరిది అన్న ప్రశ్నను తరాలుగా అడుగుతున్న నగరానికి, కర్మాగారం ఎక్కడ ఉందన్నది ఒక ప్రశ్న, ఎవరి చేతిలో ఉందన్నది మరొక ప్రశ్న అని వేరుగా వివరించనక్కరలేదు.

7. వ్యావహారిక భాషోద్యమ పాఠం:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్థానికీకరణలో ఒక భాషాసమస్య కూడా ఉంది. ఫైలును ‘దస్త్రం’ అని, బ్రౌజర్‌ను ‘విహారిణి’ అని, పాస్‌వర్డ్‌ను ‘సంకేతపదం’ అని, సెట్టింగులను ‘అమరికలు’ అని అనువదించారు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ‘దస్త్రం’ పారశీక మూలం నుంచి వచ్చి కరణాల లెక్కల ద్వారా పల్లెవాడుకలో స్థిరపడిన మాట. దాని పాత అర్థం కొత్త వస్తువుకు సహజంగా సరిపోయింది. ‘అమరికలు’ వినగానే బోధపడుతుంది. ‘విహారిణి’ మాత్రం కావ్యభాషలో నాయికకు విశేషణంలా వినిపిస్తుంది, చేసే పనిని చెప్పదు. తెలుగు తెర ముందు కూర్చున్న వాడుకరి మెనూ అర్థం కాక ఇంగ్లీషు తెరకు మరలితే స్థానికీకరణ తన ఉద్దేశానికే విరుద్ధమైన ఫలితమిచ్చినట్లు.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో విశాఖపట్నం, విజయనగరం, పర్లాకిమిడి ప్రాంతాలలో జె.ఎ. యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు లేవనెత్తిన ప్రశ్న ఇదే. చదువుకునేవాడికి అర్థం కాని భాషలో చదువు చెప్పడం ఎవరి ప్రయోజనం కోసం? గ్రాంథిక భాషపై అధికారం కొద్దిమందికే ఉన్నట్లు, నేడు సాఫ్ట్‌వేర్‌పై అధికారం కొద్దిమందికే ఉంది. గిడుగు పేరుతో ఫాంట్ ఉన్నచోట ఆయన వాదం మెనూలలో లేకపోవడం ఆలోచించదగిన వైరుధ్యం. దీనికి బాధ్యులు స్వచ్ఛందంగా అనువదించిన యువకులు కారు. పరిభాషా నిర్మాణం తెలుగు శాఖలు స్వీకరించవలసిన పని. వారు స్వీకరించనందున అది ఇంజనీర్ల మీద పడింది.

8. ప్రతివాదాలు – పరిశీలన:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారడం ఆచరణలో నిలవదన్న వాదానికి మ్యూనిక్ నగరాన్ని ఉదాహరణగా చూపుతారు. ఆ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, 2013 నాటికి మార్పు పూర్తిచేసి, 2017లో తిరిగి విండోస్ వైపు వెళ్లడానికి తీర్మానించింది. రాజకీయ నాయకత్వం మారడం, నిర్వహణలో లోపాలు, ఇతర కార్యాలయాల ఫైళ్లతో పొసగకపోవడం ఈ మలుపు గురించిన చర్చలో తరచుగా వినిపించే కారణాలు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అసాధ్యమని నిరూపించదు. ఒక్క నిర్ణయంతో స్వాతంత్ర్యం శాశ్వతం కాదని, దానికి నిరంతర పోషణ కావాలని నిరూపిస్తుంది.

రెండవ ప్రతివాదం మరింత బలమైనది. స్వేచ్ఛా సాధనాలు తెలుగులో ఎల్లప్పుడూ మెరుగైనవి కావు. అచ్చుపుస్తకాల బొమ్మల నుంచి పాఠాన్ని గుర్తించడానికి టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాధనం తెలుగుకు ఉంది. అయినా తెలుగు వికీసోర్స్‌లో గూగుల్ సేవను కూడా వాడుతున్నారు. స్వేచ్ఛా జ్ఞాన నిర్మాణమే కొంతవరకు స్వేచ్ఛ లేని సేవపై ఆధారపడుతోంది. ఈ రాజీని తప్పుపట్టడం కంటే దాని హద్దు గుర్తించడం అవసరం. వెలుపలి సేవ ద్వారా వెలువడిన పాఠం యూనికోడ్‌లో, స్వేచ్ఛా లైసెన్సుతో, సమూహం చేతిలో మిగులుతుంది. రేపు ఆ సేవ ఆగినా నేటి పాఠం పోదు. ఫలితం చేతిలో ఉండే ఆధారపడటానికి, ఫలితం కూడా చేజారే ఆధారపడటానికి మధ్య ఈ భేదాన్ని సంస్థలు ప్రమాణంగా గ్రహించవచ్చు.

9. తెలుగు శాఖలకు వర్తించే అంశాలు:

పై పరిశీలనను బట్టి క్రమం నిర్ణయించుకోవచ్చు. మొదటిది పాఠం. సిద్ధాంత గ్రంథాన్ని అచ్చుప్రతితో పాటు యూనికోడ్ పాఠంగా, ఓడీఎఫ్ వంటి బహిరంగ ప్రమాణంలో స్వీకరించే నియమం శాఖ స్థాయిలోనే పెట్టుకోవచ్చు. ఓడీఎఫ్ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. రెండవది పాత ఫైళ్లు. డీటీపీ ఫాంట్ల నుంచి మార్పిడి చేసే సాధనాలు ఉన్నా, మార్చిన పాఠంలో వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పుపోతాయి. వాటిని మూలంతో సరిపోల్చడం పాఠపరిష్కరణ విద్య. ఎం.ఏ. విద్యార్థులకు ఇంతకంటే ఉపయోగకరమైన అభ్యాసం అరుదు. ఆ ఫాంట్లు తెలిసిన ఆపరేటర్లు ఇంకా పనిలో ఉన్నప్పుడే ఇది జరగాలి.

మూడవది నిలయం. వెలుపలి సేవ ఏది వాడినా, సంస్థ అధీనంలో మరొక ప్రతి ఉండాలి. నాలుగవది సాధనం. లిబ్రే ఆఫీస్, గ్రంథాలయానికి కోహా, పత్రిక నిర్వహణకు ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వంటివి ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. పాఠం బహిరంగ ప్రమాణంలో ఉంటే సాధనాన్ని నిదానంగా మార్చుకోవచ్చు. పాఠం బందీగా ఉండి సాధనం మాత్రం మారితే మ్యూనిక్ అనుభవమే పునరావృతమవుతుంది. అయిదవది మనిషి. సంస్థలో కనీసం ఒకరికి ఈ విద్య తెలిసి ఉండాలి, మరొకరికి నేర్పే ఏర్పాటు ఉండాలి. స్వ-తంత్రమంటే అదే.

10. ముగింపు:

తెలుగు సంస్థల డిజిటల్ పరాధీనత సాఫ్ట్‌వేర్ కొనుగోలుతో మొదలు కాలేదు. పాఠం ఏ సంకేతంలో నిల్వ అవుతోందో అడగకపోవడంతో మొదలైంది. కార్యకర్తల కృషి వల్ల నేడు ఫాంట్లు, కీబోర్డులు, మార్పిడి సాధనాలు, భాండాగారాలు స్వేచ్ఛగా లభిస్తున్నాయి. వాటిని తమ తంత్రంగా మార్చుకోవలసిన బాధ్యత సంస్థలది. పరిభాషను వాడుకకు దగ్గర చేయడం, పాత పాఠాన్ని పరిష్కరించడం, కొత్త పాఠాన్ని బహిరంగ ప్రమాణంలో ఉంచడం అనే మూడు పనులకూ కావలసిన అర్హత తెలుగు శాఖలకే ఎక్కువగా ఉంది. తాళపత్రాలను సేకరించి, పరిష్కరించి, అచ్చుకు ఎక్కించిన తరం తమకు అందినదాన్ని తరువాతివారికి చదవగలిగే రూపంలో అప్పగించింది. డీటీపీ కేంద్రాలలో మిగిలిన సీడీల విషయంలో ఇప్పటి తరం మీద ఉన్న బాధ్యత అంతకంటే తక్కువది కాదు. దానికి దొరికే వ్యవధి మాత్రం తక్కువ.